పొట్లం మీద ఏం రాస్తున్నారు? విదేశీ కాంపోనెంట్ విక్రేతలకు బహిరంగ లేఖ

విదేశాలకు ఎలక్ట్రానిక్ కాంపోనెంట్లు పోస్టులోనూ కొరియర్‌లోనూ పంపే విక్రేతలందరికీ, మరీ ముఖ్యంగా మీ ప్యాకింగ్, షిప్పింగ్ విభాగాల్లో పనిచేసేవారికి నమస్కారం.

మేము చిన్న మొత్తాల్లో కొనేవాళ్లం. పాత పరికరాలు బాగుచేసేవాళ్లు, ల్యాబుల్లో ప్రాజెక్టులు చేసే విద్యార్థులు, కొద్ది సంఖ్యలో బోర్డులు తయారుచేసే వర్క్‌షాపులు, రేడియో హాబీ ఉన్నవాళ్లు. మా ఆర్డర్లో పూర్తి రీలు (పార్టులున్న టేపు మొత్తం చుట్ట) ఉండటం అరుదు. ఐదు ఐసీలు (చిప్పులు), ఇరవై కనెక్టర్లు, వంద కెపాసిటర్లు, ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఇలా లైన్లు చాలా ఉంటాయి, ఒక్కో లైన్లో సరుకు కొంచెమే. ఒక్క ముక్క అడిగినా కాదనకుండా అమ్ముతున్నారు. అది మాకు పెద్ద సాయం, అందుకు కృతజ్ఞులం.

ఈ లేఖ ధరల గురించి కాదు. సరుకు మీ అర దిగి మా బల్ల మీదికి వచ్చేలోపు ఏం జరుగుతోందో, అందులో మీ చేతిలో ఉన్నదెంతో చెప్పడానికి రాస్తున్నాం. దారిలో ఆగిపోయే పార్సిళ్లలో, పాడైపోయే పార్టుల్లో చాలావాటికి ఒకటే కారణం కనిపిస్తోంది: మీ డేటాబేస్‌లో ఇప్పటికే ఉన్న సమాచారం పార్సిల్ మీదికి రావడం లేదు. కొత్తగా ఏదీ కనిపెట్టమని అడగడం లేదు. ఉన్నదాన్నే అచ్చు వేసి అంటించమంటున్నాం.

ముందుగా ఇన్వాయిస్ సంగతి. "ఎలక్ట్రానిక్ పార్ట్స్, 1 ప్యాకెట్" అని రాసి పంపితే కస్టమ్స్ అధికారికి రెండే దారులు మిగులుతాయి. పొట్లం విప్పి చూడాలి, లేదా కొన్నవాళ్లకు కబురు పెట్టి వివరాలు అడగాలి. ఏది చేసినా రోజులు గడుస్తాయి, గోడౌన్ అద్దె మా మీద పడుతుంది. సరుకు రకాన్ని కస్టమ్స్‌కు చెప్పే సంఖ్య హెచ్‌ఎస్ కోడ్. రెసిస్టర్లు హెచ్‌ఎస్ కోడ్ 8533 కింద, కెపాసిటర్లు 8532 కింద, పార్టులు ఎక్కించని ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డులు 8534 కింద, స్విచ్చులు, కనెక్టర్లు 8536 కింద, డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, ఎల్‌ఈడీలు 8541 కింద, ఐసీలు 8542 కింద వస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్లు, ఇండక్టర్లు, పవర్ సప్లైలు 8504. ఈ పద్ధతి ప్రపంచ కస్టమ్స్ సంస్థది. కోడ్‌లో మొదటి 6 అంకెలు దీన్ని పాటించే దేశాలన్నిటిలోనూ ఒకటే, తర్వాతి అంకెలే దేశాన్ని బట్టి మారతాయి. అందుకే మీరు ఆ 6 అంకెలు వేస్తే చాలు, మిగతావి మా వైపు బ్రోకర్ చూసుకుంటారు. ఐసీల్లో కూడా ప్రాసెసర్లు, మైక్రోకంట్రోలర్లు 8542.31, మెమరీలు 8542.32, యాంప్లిఫయర్లు 8542.33, మిగతావి 8542.39. అన్నిటినీ కలిపి ఒకే కోడ్ కింద తోసేస్తే, ఎక్కువ సుంకం ఉన్న వస్తువు రేటే మొత్తం పార్సిల్‌కు పడే ప్రమాదముంది.

ఒక లైను ఎలా ఉంటే పని జరుగుతుందో చెబుతాం. "మల్టీలేయర్ సిరామిక్ కెపాసిటర్, 100 నానోఫారడ్, 50 వోల్టులు, సర్ఫేస్ మౌంట్" అని వివరణ, పక్కన తయారీదారు పార్టు నంబర్, 100 ముక్కలు, ఒక్కోదాని ధర, లైను మొత్తం, 8532.24, తయారైన దేశం. ఇంతే. తయారైన దేశమంటే మీ గోడౌన్ ఉన్న దేశం కాదని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాం. చాలా చోట్ల సుంకం లెక్క సరుకు ఎక్కడ తయారైందన్నదాన్ని బట్టే ఉంటుంది. ఆ పేరు రీలు లేబుల్ మీద ఉంటుంది. ఇన్వాయిస్‌లో ఒక దేశం, లోపలి సంచి మీద ఇంకో దేశం కనిపిస్తే ఏ అధికారికైనా అనుమానం రాక మానదు. ఇన్వాయిస్ ప్రతులు బయటి పారదర్శక కవర్లో పెట్టండి, ఒకటి పెట్టె లోపల కూడా వేయండి. బయటి కవర్ చిరిగిపోయినప్పుడు ఆదుకునేది లోపలిదే.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, చిన్న పార్సిళ్లను చూసీచూడనట్టు వదిలే రోజులు పోయాయి. యూరోపియన్ యూనియన్ 22 యూరోల లోపు దిగుమతులకున్న వ్యాట్ మినహాయింపును 2021 జూలై 1న ఎత్తేసింది. అమెరికా 800 డాలర్ల లోపు సరుకుకు ఇచ్చిన సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాల సరుకుకూ ఆపేసింది. పోస్టులో వెళ్లే సరుకు వివరాలను ముందుగానే ఎలక్ట్రానిక్ రూపంలో పంపడం 2021 నుంచి అంతర్జాతీయ తపాలా సమాఖ్య నిబంధనల్లో భాగమైంది. అంటే పొట్లం విమానం ఎక్కకముందే అందులో ఏముందన్న మీ మాట అవతలి దేశానికి చేరుతుంది. ఆ మాట అస్పష్టంగా ఉంటే అక్కడే ఆగుతుంది. పోస్టు కస్టమ్స్ ఫారాల్లో కూడా తేడా గమనించండి: 300 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ లెక్కల యూనిట్) విలువ వరకు సీఎన్22 చిన్న స్టిక్కర్ సరిపోతుంది, అది దాటితే సీఎన్23 ఉండాలి. పెద్ద విలువ సరుకుకు చిన్న స్టిక్కర్ అంటించి పంపితే అది వెనక్కి తిరిగొచ్చినా ఆశ్చర్యం లేదు.

మాకు మేలు చేస్తున్నామనుకుని కొందరు విలువ తగ్గించి రాస్తారు, "గిఫ్ట్" గడిలో టిక్కు పెడతారు. దయచేసి మానండి. దిగుమతిదారుగా కాగితాల మీద ఉండేది మా పేరు, తప్పుడు ప్రకటనకు జరిమానా కట్టేదీ మేమే. మేం బ్యాంకు ద్వారా చెల్లించిన మొత్తానికీ ఇన్వాయిస్‌కూ పొంతన లేకపోతే మా మాట ఎవరూ నమ్మరు. పార్సిల్ పోతే పరిహారం కూడా మీరు రాసిన విలువకే వస్తుంది, మేం కట్టిన డబ్బుకు కాదు.

సుంకం ఎవరు కడతారన్నది ఆర్డర్ పేజీలోనే తేలాలి. డీడీపీ అంటే సుంకంతో సహా మీ బాధ్యత, డీఏపీ అంటే సరుకు మా గడపదాకా తెచ్చేది మీరు, సుంకం కట్టేది మేము. "పన్నులు వర్తించవచ్చు" అనే ఒక్క వాక్యం రెండింటికీ సరిపోదు. ఇక్కడే బ్యాక్ ఆర్డర్ల చిక్కు ఒకటుంది. ఇరవై లైన్లలో రెండు స్టాకులో లేవనుకోండి. మీ సిస్టమ్ పద్దెనిమిదింటిని ఇవాళ పంపి, మిగతా రెండింటిని వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటిగా పంపేస్తుంది. రవాణా ఖర్చు మీరే పెట్టుకున్నా, మా వైపు ప్రతి పార్సిల్‌కూ విడిగా క్లియరెన్స్ ఫీజు, కొరియర్ వాళ్లు సుంకం ముందుగా కట్టినందుకు వేసే రుసుము మళ్లీ మళ్లీ పడతాయి. ఒక చిన్న కనెక్టర్ కోసం దాని ధరకు ఎన్నో రెట్లు కట్టాల్సి వస్తుంది. అందుకే విదేశీ ఆర్డర్లకు "అన్నీ వచ్చాక ఒకేసారి పంపండి" అన్నదే ముందుగా టిక్కయి ఉండాలి, విడగొట్టి పంపడం మేం కోరితేనే జరగాలి.

పెట్టె సైజు కూడా ఖర్చే. ఎక్స్‌ప్రెస్ కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి వచ్చిన కేజీలను అసలు బరువుతో పోల్చి, ఎక్కువున్నదానికి డబ్బు తీసుకుంటాయి. 40 × 30 × 20 పెట్టె అంటే 4.8 కేజీలు. లోపలున్నది మూడొందల గ్రాముల ఐసీలూ మిగతా అంతా గాలి దిండ్లూ అయితే మేం కడుతున్నది గాలికి. అవే ఐసీలు 25 × 18 × 6 పెట్టెలో పడితే అర కేజీ చిల్లర.

నిషిద్ధ సరుకు మిగతాదాన్నీ ఆపేస్తుందన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా కలిపి పంపుతూనే ఉన్నారు. విడిగా పంపే లిథియం అయాన్ సెల్స్ ప్రమాదకర సరుకుల జాబితాలో యూఎన్3480 అనే సంఖ్య కిందికి వస్తాయి. 2016 ఏప్రిల్ 1 నుంచి వాటిని ప్రయాణికుల విమానాల్లో సరుకుగా ఎక్కించకూడదు, సరుకు విమానంలో పంపినా చార్జింగ్ 30 శాతం మించకూడదని నిబంధన పెట్టారు. నాణెం ఆకారంలో ఉండే సీఆర్2032 లిథియం మెటల్ సెల్. బోర్డులో అమర్చి ఉంటే దాన్ని చూసే పద్ధతి వేరు, అదే సంచిలో విడిగా వేస్తే వేరు. డీఎస్3231 క్లాక్ మాడ్యూల్‌నే తీసుకోండి. మార్కెట్లో విరివిగా దొరికే నీలం బోర్డులో తిరిగి చార్జ్ అయ్యే ఎల్‌ఐఆర్2032 కోసం ఒక డయోడ్, 200 ఓమ్‌ల రెసిస్టర్‌తో చార్జింగ్ దారి ఉంటుంది. దాంట్లో చార్జ్ చేయకూడని సీఆర్2032 పెట్టి అమ్మితే, 5 వోల్టులు ఇచ్చినప్పుడల్లా ఆ సెల్‌లోకి కరెంట్ ఎక్కుతుంది. కొంతకాలానికి అది ఉబ్బొచ్చు. రవాణాకూ వాడకానికీ రెండు విధాలా మంచిది, సెల్ లేకుండా మాడ్యూల్ అమ్మడం. సెల్ మేం కొనుక్కుంటాం.

సూపర్ కెపాసిటర్లకు యూఎన్3499 నిబంధన 0.3 వాట్-అవర్ పైబడితేనే వర్తిస్తుంది. 5.5 వోల్టుల, 1 ఫారడ్ ముక్కలో పట్టే శక్తి 15 జౌళ్లు, పరిమితి 1080 జౌళ్లు. కానీ "సూపర్ కెపాసిటర్" అన్న పేరు చూసి పక్కన పెట్టేసేవాళ్లకు ఈ లెక్క తెలియదు. లేబుల్ మీద వాట్-అవర్ అంకె ఉంటే పని అయిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉన్న ఫ్లక్స్ సీసా, క్లీనింగ్ స్ప్రే లాంటివి ఎంత చిన్నవైనా ఐసీలతో కలపకండి. రేడియో మాడ్యూళ్లకు ఫ్రీక్వెన్సీ తప్పకుండా రాయాలి. బయటికి ఒకేలా కనిపించే లోరా (తక్కువ శక్తితో దూరం పంపే రేడియో) బోర్డులు 433, 868, 915 మెగాహెర్ట్జ్‌లలో వస్తాయి, ఒక దేశంలో చెల్లేది ఇంకో దేశంలో చెల్లదు. ఇన్వాయిస్‌లో "వైర్‌లెస్ మాడ్యూల్" అని మాత్రమే ఉంటే అనుమతి పత్రం అడుగుతారు, అది చూపలేక పార్సిల్ పోతుంది.

ఇక ప్యాకింగ్. గులాబీ రంగు యాంటీ స్టాటిక్ సంచి తనంతట తాను చార్జ్ పుట్టించదు, అంతవరకే. బయటి నుంచి వచ్చే డిశ్చార్జ్‌ని అది అడ్డుకోదు. మాస్‌ఫెట్లు, మైక్రోకంట్రోలర్లు, ఆర్‌ఎఫ్ పార్టులు వెండి రంగు షీల్డింగ్ సంచిలోనే రావాలి. రెండు వరుసల కాళ్లుండే డిప్ ఐసీలకు ట్యూబు గానీ నల్లటి కండక్టివ్ ఫోమ్ గానీ వాడండి. తెల్ల థర్మాకోల్‌లో కాళ్లు గుచ్చి పంపడం కంటే ఏమీ లేకుండా పంపడమే నయం.

తేమ విషయంలో జరిగే నష్టం కంటికి కనబడదు, అందుకే దాన్ని ఎక్కువ చెప్పాల్సి వస్తోంది. సర్ఫేస్ మౌంట్ ఐసీల ప్లాస్టిక్ గాలిలోని తేమను పీలుస్తుంది. పార్టు తేమకు ఎంత సున్నితమో చెప్పే అంకె ఎంఎస్‌ఎల్. ఎంఎస్‌ఎల్ 3 అని గుర్తున్న పార్టును సీల్ విప్పాక 30 డిగ్రీలు, 60 శాతం తేమ మించని చోట 168 గంటల్లోపు సోల్డర్ చేసేయాలి. ఎంఎస్‌ఎల్ 4కు 72 గంటలే. మీ గోడౌన్లో ట్రే సీల్ కత్తిరించి, అందులోంచి ఐదు ఐసీలు తీసి మామూలు సంచిలో వేసి స్టేపుల్ చేసి పోస్టులో పంపితే, మాకు చేరేసరికి ఆ గడువు ఎప్పుడో దాటి ఉంటుంది. రీఫ్లోలో, అంటే సోల్డర్ కరిగించే వేడికి, లోపలి తేమ ఒక్కసారిగా ఆవిరై, పేలాల గింజలా ప్యాకేజీ చిట్లుతుంది. పైకి పగులు కనబడకపోవచ్చు, లోపల చిప్పును కాళ్లకు కలిపే సన్నని తీగ తెగి బోర్డు నెల తర్వాత ఆగిపోవచ్చు. తేమ చొరబడని సంచి, సిలికా జెల్, తేమ చూపే కార్డు, ఈ మూడూ పెట్టి సీల్ చేయండి. అది కుదరని చిన్న ఆర్డర్లకు కనీసం ఎంఎస్‌ఎల్ అంకె, సీల్ విప్పిన తేదీ సంచి మీద రాయండి. తేమ పోయేలా మేమే బేక్ చేసుకుంటాం. ట్రేలో ఉన్నవాటిని 125 డిగ్రీల దగ్గర బేక్ చేయొచ్చు. టేపులో ఉన్నవాటిని అంత వేడిలో పెడితే టేపే కరుగుతుంది, 40 డిగ్రీల దగ్గర రోజుల తరబడి ఉంచాలి. ఏది ఎంతసేపన్నది తేలాలంటే ఆ అంకె మాకు తెలియాలి.

కట్ టేప్, అంటే రీలు నుంచి కత్తిరించిన పట్టీ గురించి. వంద ముక్కలు అడిగితే వందా ఒకే పట్టీగా ఇవ్వండి. ముప్పై, ఇరవై ఐదు, నలభై ఐదుగా మూడు ముక్కలొస్తే యంత్రం ఫీడర్‌కు ఎక్కించేటప్పుడు ప్రతి ముక్క మొదట్లో కొన్ని పార్టులు వృథా అవుతాయి. పట్టీని మడవకండి, చుట్టండి. మడత పడిన చోట పై పొర లేచి రెసిస్టర్లు సంచిలో రాలిపోతాయి. పార్టు నంబర్, విలువ, సంఖ్య, డేట్ కోడ్ ఉన్న లేబుల్ ప్రతి సంచి మీదా అంటుకుని ఉండాలి, విడి కాగితం మీద కాదు. సర్ఫేస్ మౌంట్ సిరామిక్ కెపాసిటర్ల మీద సాధారణంగా ఏ అచ్చూ ఉండదు. రెండు సంచులు కలిసిపోతే ఎల్‌సీఆర్ మీటర్ పెట్టి విలువ కనుక్కోగలం గానీ, అది 16 వోల్టులదో 50 వోల్టులదో ఏ మీటరూ చెప్పదు. అప్పుడు వాటిని పారేయడమే.

పార్టు నంబర్‌లో తోక అక్షరాలను మీ వెబ్‌సైట్ వెతుకులాటలో తీసేయకండి. ఏటీమెగా328పీ-పీయూ రంధ్రాల్లో దిగే డిప్, ఏటీమెగా328పీ-ఏయూ ఉపరితలం మీద అతికే టీక్యూఎఫ్‌పీ. ఒకదాని బొమ్మ పెట్టి ఇంకోదాన్ని పంపడం ఎక్కువగా జరుగుతోంది. సైజు పేర్లలో కూడా అంగుళాల పద్ధతో మిల్లీమీటర్ల పద్ధతో చెప్పాలి. అంగుళాల 0603 అంటే 1.6 × 0.8 మి.మీ. మెట్రిక్ 0603 అంటే 0.6 × 0.3 మి.మీ., చేత్తో సోల్డర్ చేయడం దాదాపు అసాధ్యం. పక్కన మిల్లీమీటర్ల కొలత వేస్తే గొడవే ఉండదు.

అడగకుండా ప్రత్యామ్నాయం పంపే అలవాటు మాత్రం పూర్తిగా పోవాలి. 74హెచ్‌సీటీ లాజిక్ చిప్పు బదులు 74హెచ్‌సీ పంపితే కాళ్ల వరుస ఒకటే, పని ఒకటి కాదు. 5 వోల్టులకు నడిచే హెచ్‌సీ ఇన్‌పుట్‌కు "1" అని గుర్తించడానికి దాదాపు 3.5 వోల్టులు కావాలి, హెచ్‌సీటీకి 2 చాలు. 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్ సిగ్నల్‌ను హెచ్‌సీకి ఇస్తే ఒక రోజు పనిచేస్తుంది, ఒక రోజు చేయదు. ఎక్స్7ఆర్ రకం కెపాసిటర్ విలువ ఉష్ణోగ్రత మారినా 15 శాతం లోపే అటూఇటూ అవుతుంది, వై5వీ రకానిది 82 శాతం దాకా పడిపోగలదు. స్విచింగ్ పవర్ సప్లైలో తక్కువ ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం) ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ బదులు మామూలుది వేస్తే వేడెక్కి ఉబ్బుతుంది. మీకు ఒకే గడిలో పడే పార్టులు మాకు ఒకటి కావు. స్టాకు లేకపోతే లేదని చెప్పండి, ఆ లైను డబ్బు తిరిగివ్వండి.

నకిలీల విషయం. తయారీదారు నుంచి నేరుగా తెచ్చే అధీకృత పంపిణీదారులకూ, ఎవరి దగ్గరో మిగిలిన సరుకు కొని అమ్మే మార్కెట్ విక్రేతలకూ మధ్య తేడా మాకు తెలుసు. ఉత్పత్తి ఆగిపోయిన ఐసీ కావాలంటే రెండోవాళ్లే గతి. అలాంటి చోట "కొత్తది, ఒరిజినల్" అని రాయకుండా నిజం రాయండి: పాత బోర్డు నుంచి తీసిందా, కాళ్లు మళ్లీ తగరం పూసినవా, డేట్ కోడ్ ఏమిటి. 1423 అంటే 2014లో 23వ వారం. ఒకే సంచిలో మూడు రకాల డేట్ కోడ్‌లు, వేర్వేరు అచ్చు రంగులు ఉంటే మాకు తెలిసిపోతుంది. పాత అచ్చు గీకి నల్లరంగు పూసిన చిప్పును అసిటోన్ ముంచిన దూదితో తుడిస్తే చాలాసార్లు రంగు వదులుతుంది. నకిలీ ఎంత దూరం పోతుందో 2014లో అందరూ చూశారు. ఎఫ్‌టీ232 యూఎస్‌బీ చిప్పుల తయారీదారు కొత్త డ్రైవర్ విడుదల చేస్తే, నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్య సున్నాగా మారి, వాటితో చేసిన పరికరాలు కంప్యూటర్‌కు కనబడకుండా పోయాయి. వాటిని కొన్నవాళ్లలో చాలామందికి లోపలున్నది నకిలీ అని అప్పటిదాకా తెలియనే తెలియదు.

మా వైపు నుంచి మేం చేయాల్సినవీ ఉన్నాయి, చేస్తాం. చిరునామాను లైనుకు 35 అక్షరాలు మించకుండా విడగొట్టి రాస్తాం, ఎందుకంటే చాలా కొరియర్ లేబుళ్లలో మిగతాది కత్తిరించుకుపోతుంది. పనిచేసే ఫోన్ నంబర్, దిగుమతికి కావలసిన పన్ను గుర్తింపు సంఖ్య ఆర్డర్‌తోనే ఇస్తాం, ఆ గడి మీ ఫారంలో పెట్టండి. తుది వినియోగం ప్రకటన (దేనికి వాడతామో చెప్పే పత్రం) కావాల్సిన పార్టులుంటే అది డబ్బు కట్టించుకోకముందే అడగండి, నింపి ఇస్తాం. పార్సిల్ విప్పేటప్పుడు లేబుల్, సీల్, సంచి ఫొటోలు తీసి, లెక్కపెట్టి, తేడా ఉంటే వెంటనే రాస్తాం.

తప్పు పార్టు వచ్చినప్పుడు "వెనక్కి పంపండి, చూసి చెబుతాం" అంటున్నారు. చిటికెడు రెసిస్టర్లను వెనక్కి పంపే ఖర్చు వాటి ధర కంటే ఎక్కువ. ఎగుమతి కాగితాలు మళ్లీ కొత్తగా, మీ దేశంలో దిగుమతి సుంకం మళ్లీ కొత్తగా. లేబుల్, పార్టు మీది అచ్చు స్పష్టంగా కనిపించే ఫొటోలు, మీటర్ రీడింగ్ పంపితే దాని మీదే తేల్చండి. డబ్బు తిరిగివ్వడమో తర్వాతి ఆర్డర్లో కలిపి పంపడమో చేయండి. కొత్తగా విడి పార్సిల్ వద్దు, దానికి మళ్లీ క్లియరెన్స్ ఫీజు పడుతుంది. అలాగే లేబుల్ అచ్చువేసిన రోజునే "పంపించాం" అని మెయిల్ ఇవ్వకండి. పోస్టు ట్రాకింగ్ సంఖ్యలో రెండు అక్షరాలు, 9 అంకెలు, పంపిన దేశం రెండక్షరాలు ఉంటాయి. ఆ సంఖ్య పుట్టడం వేరు, పొట్లం పోస్టు చేతికి చేరడం వేరు. ఫిర్యాదు గడువు రెండోదాని నుంచే లెక్కపెట్టండి.

వీటిలో ఏది మీ దగ్గర ఇప్పటికే అమల్లో ఉందో, ఏది వీలవుతుందో, ఏది కాదో మీ షిప్పింగ్ నిబంధనల పేజీలో రాయండి. కుదరనివి ఏవో ముందే తెలిస్తే ఆ పార్టుల వరకు వేరే దారి చూసుకుంటాం, మిగతావి మీ దగ్గరే కొంటాం.

ఇట్లు,
చిన్న మొత్తాల్లో కాంపోనెంట్లు తెప్పించుకునే మరమ్మతుదారులు, విద్యార్థులు, బోర్డుల తయారీదారులు